కెస్లర్ల దుకాణం, తలుపు వెనక నేను

సువార్త వాళ్ళమ్మగారికి ఆఖరి చీర కట్టింది ఎవరో నాకు తెలుసు. చాలా ఏళ్ళు ఆ మాట చెప్పలేదు. మా సంఘంలో సువార్త లేచి నిలబడి, "ఎవరో తెలియదు, ఆ తెల్లవాళ్ళ దుకాణంలోకి దేవుడే ఎవరినో పంపాడు" అని సాక్ష్యం చెప్పి కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను. ఆ చీర కట్టింది నేను, నాతోపాటు ఎల్సీ అనే పెద్దావిడ.

పామర్‌స్టన్ నార్త్ అనే పట్నం నుంచి అరగంట డ్రైవ్‌లో ఉన్న ఒక చిన్న ఊళ్ళో, కెస్లర్ అనే జర్మన్ కుటుంబం తరతరాలుగా నడిపిన అంత్యక్రియల దుకాణంలో నేను పనిచేశాను. బరువులు ఎత్తి ఎత్తి నడుం పోయింది. యాభై దాటిన కొత్తలోనే మానేయాల్సి వచ్చింది. ఈమధ్య మా సంఘంలో షారోను అనే అమ్మాయి అదే పనిలో చేరతానంది. వాళ్ళమ్మ ఏడ్చింది. పని ఎలా ఉంటుందో షారోను నన్ను అడగలేదు. నేను ఆ పని చేసినవాణ్ణని తెలిస్తే గదా అడగడానికి. అందుకే ఇది రాస్తున్నాను. సర్టిఫికెట్ల సంగతి, జీతాల సంగతి ఆఫీసువాళ్ళు చెబుతారు. మిగిలింది నేను చెబుతాను.

కెస్లర్లు

మొదటి కెస్లర్ పేరు కార్ల్. భార్య డోరొతేయాతో ఓడ దిగి, రైలుదారికోసం అడవి కొట్టే పనికి ఇటు వచ్చాడు. ఇప్పుడు పచ్చిక, ఆవులు తప్ప ఏమీ కనబడని ఆ మైదానమంతా అప్పుడు కారడవి. చెట్లు కొట్టినవాడే కొన్నాళ్ళకి రంపపు మిల్లు పెట్టాడు. మిల్లు పక్కన బల్లలు, కుర్చీలు, మంచాలు చేసే కొట్టు. వెనకాల డోరొతేయా కట్టెపొగలో మాంసం ఆరబెట్టి సాసేజీలు చేసి అమ్మేది. పెద్దకొడుకు అద్దెగుర్రాలు పెట్టాడు. ఊళ్ళోవాళ్ళు వేళాకోళమాడేవారట: కెస్లర్ కుర్చీలో కూర్చుని, కెస్లర్ సాసేజీ తిని, కెస్లర్ పెట్టెలో పడుకోవాలి, ఈ ఊళ్ళో పుట్టినందుకు.

పెట్టెల పని వాళ్ళు వెతుక్కున్నది కాదు. ఒక చలికాలం గొంతుజబ్బు వచ్చి ఊళ్ళో పిల్లలు రాలిపోయారు. చెక్క ఉన్నది వీళ్ళ దగ్గరే. అందరి పిల్లలకీ కార్ల్ పెట్టెలు చేశాడు. చివరికి తన రెండో కూతురికీ చేసుకోవాల్సి వచ్చింది. ఆయన చిత్రిక పడుతుంటే నేలమీద పడిన పొట్టునంతా డోరొతేయా ఒళ్ళోకి ఏరుకుని, గుడ్డసంచిలో కుట్టి, పిల్ల తలకింద పెట్టిందట. ఆ చెట్టుది ఏదీ బయట పారేయకూడదంది. అప్పటినుంచి అది ఆ ఇంటి పద్ధతి. ఏ పెట్టె పొట్టు ఆ పెట్టెలోని మనిషికే దిండు.

ఇదంతా నాకు చెప్పింది కార్ల్ మునిమనవడు వాల్టర్. నా యజమాని. ఎల్సీ ఆయన భార్య.

పొయ్యిలో పోసిన పొట్టు

నేను గుంటూరు వైపు ఒక ఐటిఐలో వడ్రంగం నేర్పేవాణ్ణి. నా భార్య కరుణ నర్సు. ఆమె ఉద్యోగం మీద ఈ దేశం వచ్చాం. నా కాగితం ఇక్కడ చెల్లలేదు. డెయిరీ అని పిలిచే ఒక చిల్లరకొట్టులో సామాన్లు సర్దాను, కలప యార్డులో లోడింగు చేశాను. కెస్లర్ల దగ్గర వడ్రంగి కావాలంటే వెళ్ళాను. కుర్చీల వ్యాపారం ఎప్పుడో మూసేశారనీ, ఇప్పుడు చేసేది పెట్టెలు మాత్రమేననీ వెళ్ళాక తెలిసింది. చెక్క చెక్కే గదా అనుకున్నాను.

చేరిన వారంలోనే తప్పు చేశాను. మన వడ్రంగి కొట్లలో పొట్టంటే పొయ్యిలోకే. సాయంత్రం కొట్టు శుభ్రంగా ఊడ్చి, పొట్టంతా ఎత్తి హీటింగు పొయ్యిలో పోశాను. యజమాని మెచ్చుకుంటాడనుకున్నాను. వాల్టర్ వచ్చి నేల చూశాడు, పొయ్యి చూశాడు. పూర్తయిన పెట్టె మూత తిరగేసి, లోపలివైపు మళ్ళీ నిదానంగా చిత్రిక పట్టి, రాలిన పొట్టు దోసిట్లోకి తీసుకున్నాడు. అప్పుడు చెప్పాడు డోరొతేయా కథ.

"నాకు తెలియదు, సర్" అన్నాను.

"చెప్పందే ఎలా తెలుస్తుంది? నన్ను వాల్టర్ అను. సర్ అని పిలిపించుకునేది మా కుక్క."

నిజంగానే వాళ్ళ కుక్క పేరు సర్. యజమానిని పేరుపెట్టి పిలవడం నాకు అలవాటవడానికి ఏడాది పట్టింది.

తాత పని

చెక్కపని నుంచి, పోయినవాళ్ళకి స్నానం చేయించి సిద్ధం చేసే లోపలిగదికి ఎలా వెళ్ళానంటే, ఒకరోజు ఇద్దరు ఎత్తాల్సిన మనిషిని ఎత్తడానికి వాల్టర్ ఒక్కడే ఉన్నాడు. నన్ను పిలిచాడు, వెళ్ళాను. నా చేతులు వణకలేదు. అది చూసి ఆయన నన్ను చదువుకోమన్నాడు. చదివాను. కొన్నాళ్ళకి నా పని ముప్పాతిక లోపలిగదిలోనే.

చేతులు ఎందుకు వణకలేదో నాకు తెలుసు. బాపట్ల దగ్గర మా ఊళ్ళో, ఎవరింట్లో చావు జరిగినా చుట్టుపక్కల ఊళ్ళకి కబురు మోయడం, గొయ్యి తవ్వడం మా తాత వంతు. కూలి అడగడానికి లేదు, పెట్టింది తీసుకోవాలి, అదీ దూరం నుంచి. మా నాన్న మిషన్ హాస్టల్లో చదివి టీచరయ్యాడు. "మన చేతులు ఇక ఆ పని ముట్టవు" అని మా చిన్నప్పుడు ఎన్నిసార్లు అన్నాడో. ఆయన కొడుకు సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ అదే పని పట్టాడు. ఇక్కడ తెల్లకోటు, స్టీలు బల్ల, సరైన జీతం, చేతికి చెయ్యి కలిపే కుటుంబాలు. అయినా అదే పని.

నాన్నతో ఫోనులో "ఫర్నిచర్ షాపు" అన్నాను.

"ఏంరా, బేరాలెలా ఉన్నాయి?"

"కుర్చీలు బానే పోతున్నాయి నాన్నా."

సంఘంలోనూ అదే మాట. కరుణకి ఒక్కదానికే తెలుసు. ఆమె ఒకసారి, "నేను రోజూ కడుగుతూనే ఉన్నానుగా ముసలివాళ్ళని. ఊపిరి ఉంటే మర్యాద, పోతే సిగ్గా?" అంది. అయినా దాచాను. కారు వెనకసందులో పెట్టేవాణ్ణి. శవవాహనం నడిపేవాణ్ణి కాదు. కుటుంబాలు కూర్చునే ముందుగదిలోకి వచ్చేవాణ్ణి కాదు. నాకు బిడియమనుకున్నారు ఆ ఊళ్ళో.

వాల్టర్ నేర్పినవి

లోపలిగదిలో ఆయన "బాడీ" అనేవాడు కాదు. పేరే. "మిసెస్ రీడ్, ఇప్పుడు మిమ్మల్ని ఇటు తిప్పుతున్నాం" అని చెప్పి తిప్పేవాడు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది, అది పోయినవాళ్ళ కోసం ఎంతో, మన కోసమూ అంతే. పేరుతో పిలిచిన మనిషిని విసురుగా తిప్పలేవు.

కుటుంబం వచ్చినప్పుడు ఆయన ఒక ప్రశ్న తప్పకుండా అడిగేవాడు. "ఆమె ఎటు తిరిగి పడుకునేది?" ఆవులు కాసుకునే ఒక పెద్దాయన వచ్చాడొకసారి. భార్య పోయింది. కూర్చున్నంతసేపూ ఎండుగడ్డి గురించే మాట్లాడాడు. వాన పడితే గడ్డి పాడవుతుంది, మనుషులు దొరకడం లేదు, ఇదే. తలుపు వెనకనుంచి వింటూ, ఈయనకి బాధే లేదనుకున్నాను. వాల్టర్ ఆ ప్రశ్న అడిగాడు. పెద్దాయన, "కిటికీవైపు. నేను లేచి ఆవుల దగ్గరికి వెళ్తుంటే చూడ్డానికి" అన్నాడు. మళ్ళీ గడ్డి మాట ఎత్తలేదు. ఆమె తల కాస్త పక్కకి వాల్చి దిండు సర్దాం.

షారోనూ, ఓదార్పు మాటలు నేర్చుకోకు. ప్రశ్నలు నేర్చుకో.

ఇంకోటి కూడా చెప్పాలి. పని చేస్తూ వాల్టర్ ఒక రాగం గొణిగేవాడు. డోరొతేయా ఓడలో తెచ్చిన పాటల్లో ఒకటట. లూథరన్లు వాళ్ళు. ఒకరోజు నేను మాటలతో సహా అందుకున్నాను, తెలుగులో. మా ఊరి గుడిసె చర్చిలో మా నాన్నమ్మ పాడిన రాగం అది. మా మిషన్ కూడా లూథరన్లదే, మొదలుపెట్టింది ఒక జర్మన్. చిత్రిక ఆపి వాల్టర్ నన్నే చూశాడు. "మా ముత్తవ్వ పాట నీ దగ్గరికెలా వచ్చింది?" "మా నాన్నమ్మ పాట మీ దగ్గరేం చేస్తోంది?" అన్నాను. ఎల్సీ లోపలినుంచి, "ఇద్దరూ శ్రుతి తప్పారు, అది మాత్రం ఖాయం" అంది. ఆ తర్వాత రోజూ పాడేవాళ్ళం. ఆయన కిందిస్వరం, నేను పైస్వరం.

చీర

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల సంగతి. అప్పటికి మా వైపు తెలుగు కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. సువార్త ఆ చిన్న ఊళ్ళోనే ముసలివాళ్ళుండే ఒక రెస్ట్‌హోములో నర్సు. కాన్పుకని వాళ్ళమ్మ విజిటర్ వీసా మీద వచ్చింది. వచ్చి నెల తిరక్కముందే గుండె ఆగిపోయింది.

లోపలిగదిలో ఉన్నాను. ముందుగదిలో తెలుగు వినబడింది. సువార్త గొంతు, ఆమె భర్త సుధీర్ గొంతు. తలుపు దగ్గరగా వేశాను. నెలలు నిండిన మనిషి కాబట్టి సువార్త అమ్మని ముట్టకూడదని ఇంటినుంచి ఫోనులో పెద్దవాళ్ళు చెప్పారట. సంఘంలో ఆడవాళ్ళంతా డ్యూటీల్లో ఉన్నారు. ఒక సంచి ఇచ్చి, సుధీర్ ఇంగ్లీషులో, "చీర పైన కప్పేయండి, చాలు" అన్నాడు.

వాల్టర్ సంచి పట్టుకుని లోపలికొచ్చాడు. "రత్నం, ఈ గుడ్డకి ముందేదో వెనకేదో తెలియడం లేదు. కప్పితే చాలంటున్నాడు."

"కప్పకూడదు. కట్టాలి."

"అయితే రా, వచ్చి వాళ్ళతో మాట్లాడు. మీ భాషే కదా."

"నేను రాను."

"తెలిసినవాళ్ళా?"

"మా సంఘంవాళ్ళు."

"అయితే మరీ మంచిది."

"వాల్టర్, నేను రాను."

ఆయన నా మొహం చూసి వెనుదిరిగాడు. ముందుగదికి వెళ్ళి తన ప్రశ్న అడగడం వినబడింది. ఆమె ఎటు తిరిగి పడుకునేది? సువార్త, "నా వైపు" అంది. "అది ఎటువైపు అమ్మా?" "ఎడమ. నేనెప్పుడూ ఎడమపక్కనే పడుకునేదాన్ని."

మగవాణ్ణి కాబట్టి, ఎల్సీ స్నానం చేయించి జాకెట్టు, లంగా వేసేదాకా తెర ఇవతలే నిలబడ్డాను. ఈలోపు ఒక దుప్పటిమీద ఎల్సీకి కుచ్చిళ్ళు నేర్పాను. "నా పెళ్ళిగౌనుకి కూడా ఇన్ని మడతల్లేవు, రత్నం. మీవాళ్ళు రోజూ ఇది చేసి పనికెప్పుడు వెళ్తారు?" అంది. తర్వాత ఇద్దరం కలిసి కట్టాం. చెయ్యి ఆమెది, మాట నాది. పెద్దావిణ్ణి కొద్దికొద్దిగా పక్కకి తిప్పుతూ, ముందే చెప్పి తిప్పుతూ. ఇంగ్లీషులో కాదు. "అమ్మా, కాస్త ఇటు" అని.

చివర చెంగు మిగిలింది. అక్కడ పసుపుమరకలున్నాయి. అంచు ఒకచోట నలిగి పలచబడింది. ఎన్నో ఏళ్ళు ముందుకి తెచ్చి నడుముకి దోపుకున్న చెంగు అది, చేతులు తుడుచుకున్న చెంగు. పైట భుజంమీదుగా వదిలేస్తే అందంగా ఉండేది. దోపమన్నాను. ఎల్సీ దోపింది. తలకింద ఆ పెట్టె పొట్టు కుట్టిన దిండు పెట్టి, మొహం ఎడమకి కొద్దిగా వాల్చాను.

సువార్త వచ్చి చూసింది. నేను తలుపు వెనక, రెక్కల సందులోనుంచి చూస్తున్నాను. ఆమె పెట్టెమీదికి వంగింది. తర్వాత భర్తతో, "చెంగు దోపారు చూడు" అంది. "ఎవరు చెప్పారు వీళ్ళకి? ఫొటోల్లో కూడా అలా ఉండదు. ఫొటో అంటే దోపు తీసేసేది. ఇంట్లోనే అలా ఉండేది అమ్మ." వాల్టర్ వైపు తిరిగింది. "చీర ఎవరు కట్టారు?"

"మా దగ్గర ఒకతను ఉన్నాడు" అన్నాడు వాల్టర్.

"పిలవండి. ఒక్కసారి ఆయన చేతులు పట్టుకుంటాను."

వాల్టర్ తలుపువైపు చూశాడు. ఆ సందులో ఆయన కళ్ళు నా కళ్ళని వెతికి పట్టుకున్నాయి. నేను తల అడ్డంగా ఊపాను.

"బయటికెళ్ళాడు" అన్నాడాయన.

అన్నేళ్ళలో ఏ కుటుంబానికీ ఆయన అబద్ధం చెప్పగా నేను వినలేదు. నొప్పి పడ్డాడా అని అడిగితే, పడ్డాడనే చెప్పేవాడు. ఆ ఒక్క అబద్ధం నాకోసం చెప్పాడు.

ఒకే రాగం

మర్నాడు భూస్థాపన. నేను కోటు వేసుకుని, కరుణతో కలిసి, సంఘం మనిషిగా వెళ్ళి వెనకవరసలో కూర్చున్నాను. పెట్టె పక్కన వాల్టర్ నిలబడి ఉన్నాడు. ఆయన చూపు నామీదుగా వెళ్ళిపోయింది, ఎన్నడూ ఎరగనట్టు. నేనడగకుండానే అలా చేశాడు. సంఘం లేచి ఆ పాటే పాడింది. వాల్టర్ పెదవులు కదిలాయి. కిందిస్వరం, మా కొట్టులో రోజూ పాడేది. అది నా గొంతుని వెతుక్కుంటున్నట్టు అనిపించింది. నేను పాడటం ఆపేశాను.

బయట సువార్త నా దగ్గరికి వచ్చింది. "అన్నయ్యా, అమ్మ చీర చూశావా? మనవాళ్ళు కట్టినట్టే కట్టారు."

"చూశానమ్మా" అన్నాను.

ఇంటికి వెళ్ళేటప్పుడు కరుణ కారు వెనకసీట్లో కూర్చుంది.

బోర్డు

కొన్నాళ్ళకి ఒక ఉదయం, కొట్టులో చెక్క సరిచూస్తుంటే వాల్టర్ అన్నాడు. "మా పిల్లలకి ఇది అక్కర్లేదు. అబ్బాయి ఆక్లాండులో, అమ్మాయి లోవర్ హట్‌లో స్థిరపడ్డారు. మంచిదే. నువ్వు తీసుకో. బోర్డుమీద నీ పేరు కలుపుదాం. కెస్లర్ అండ్ రత్నం. చదవడానికి బానే ఉంది."

నా గుండె నిండిపోయింది. మరుక్షణం ఆ బోర్డు ముందునుంచి మా పాస్టరు అయ్యగారు కారులో వెళ్తున్నట్టు, చదువుతున్నట్టు, మా నాన్నకి ఎవరో ఫోను చేసి చెబుతున్నట్టు కనిపించింది.

"బ్యాంకు లోను ఇవ్వదు వాల్టర్."

"బ్యాంకెందుకు? మెల్లగా తీర్చుకో."

"పిల్లల చదువులున్నాయి."

ఆయన చెక్క కింద పెట్టాడు. "జర్మన్లతో జరిగిన పెద్దయుద్ధంలో ఊళ్ళోవాళ్ళు మా కిటికీలు పగలగొట్టారు. ఎవరి పిల్లలకి మా ముత్తాత పెట్టెలు చేశాడో వాళ్ళ మనుషులే. మా తాత మా పేరుమీద నల్లరంగు పూసేశాడు. ఫర్నిచర్ అని ఒక్క మాటే ఉంచాడు. పూయడానికి ఒక పూట పట్టిందట. యుద్ధమయ్యాక మా నాన్న గీకాడు. అది చాలాకాలం పట్టింది. వానలో ఇప్పటికీ నలుపు కనబడుతుంది, చూడు." చెక్క మళ్ళీ చేతికి తీసుకుని, "తాతని మేమెవరం తప్పుపట్టలేదు. కాకపోతే ఆయన మళ్ళీ ముందుగదిలోకి రాలేదు, చనిపోయేదాకా" అన్నాడు.

ఆయనకి అంతా తెలుసని అప్పుడే నాకు అర్థమైంది. నిజం చెప్పడానికి అంతకన్నా తలుపు తెరిచి ఎవరూ పెట్టరు. నేను, "బ్యాంకే అసలు ఇబ్బంది" అన్నాను.

ఏడాది తిరిగాక దుకాణం ఒక పెద్ద కంపెనీకి వెళ్ళింది. కొత్త మేనేజరు చెడ్డవాడు కాదు. మర్యాదస్తుడు, కష్టపడతాడు. కానీ పెట్టెలు హామిల్టన్ నుంచి తయారై వచ్చేవి, దిండ్లు స్పాంజివి. కొట్టుకి తాళం పడింది. ఎటు తిరిగి పడుకునేవారని అడగడానికి కుటుంబానికిచ్చే సమయంలో చోటు లేదు. నా నడుం నిలిచినంతకాలం చేశాను. తర్వాత మానేశాను.

మధ్యలో నాన్న పోయాడు. వెళ్ళాను. గొయ్యి తవ్వినతనికి దణ్ణం పెట్టాను. పేరు అడగలేదు. పేరుతో పిలవమని నేర్పిన మనిషి దగ్గర అంతకాలం పనిచేసి కూడా అడగలేదు. తిరిగొచ్చాక అనుకున్నాను, ఇంక దాచాల్సిన మనిషి లేడని. అయినా దాస్తూనే ఉన్నాను. భయం నాన్నది కాదు, నాదేనని అప్పుడు తెలిసింది.

షారోను

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక హాల్లో భోజనాలు. షారోను వాళ్ళమ్మ పళ్ళెం పక్కన పెట్టి ఏడుస్తోంది. "శవాలు కడగడానికా దీన్ని ఇంత చదివించింది?"

ఒక పెద్దాయన, "చేసేవాళ్ళెవరో చేస్తార్లే అమ్మా. మన పిల్లలకెందుకు ఆ పని?" అన్నాడు.

సువార్త వడ్డిస్తున్న గరిటె ఆపింది. "అంకుల్, ఆ చేసేవాడొకడు లేకపోతే మా అమ్మ దుప్పటి కప్పుకున్నట్టు పోయేది." నావైపు తిరిగింది. "నువ్వు చెప్పన్నయ్యా. నువ్వు చూశావుగా."

అందరూ నావైపు చూశారు. షారోను కూడా. నా చేతిలో బిర్యానీ పళ్ళెం.

"అవును, చూశాను" అన్నాను.

అంతే అన్నాను. షారోను తల దించుకుంది. ఆ పిల్లకి ఆ పూట కావలసింది, ఆ గదిలో ఒక మనిషి లేచి "నేను చేశాను" అనడం. ఆ మనిషి అక్కడే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆ ఊరికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. ఎల్సీ పోయాక వాల్టర్‌కి పక్షవాతం వచ్చింది. ఆయన ఉంటున్నది సువార్త పనిచేసే రెస్ట్‌హోములోనే. అందుకే నేను అన్నాళ్ళూ వెళ్ళలేదు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను. కారు ఆ ఊరి పెద్దవీధిలో, కెస్లర్ల పాత దుకాణం ఎదురుగా పెట్టి నడిచాను.

గదిలో సువార్త ఆయన్ని పక్కకి తిప్పుతోంది. "మిస్టర్ కెస్లర్, ఇప్పుడు కిటికీవైపు" అని చెప్పి తిప్పుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "అన్నయ్యా, నువ్వేంటి ఇక్కడ? ఈయన నీకు తెలుసా? మా అమ్మ భూస్థాపన చేసింది ఈయనే. మన పాట రాగం గొణుగుతుంటాడు, ఎక్కడ నేర్చుకున్నాడో."

వాల్టర్ ఎడమకన్ను నన్ను గుర్తుపట్టింది. మొహంలో సగం నవ్వింది.

"సువార్తా, నేను ఫర్నిచర్ షాపులో పనిచేయలేదు" అన్నాను. "ఈయన దగ్గర పనిచేశాను. మీ అమ్మగారికి చీర కట్టింది ఎల్సీ చేతులు, నా మాట. చెంగు దోపమంది నేను. నువ్వు పిలవమన్నప్పుడు తలుపు వెనక ఉన్నాను. రాలేదు. మా తాత చేసిన పనే చేస్తున్నానని మీకెవరికీ తెలియకూడదని రాలేదు. చేతులు పట్టుకుంటానన్నావు, ఇవ్వలేదు. నన్ను క్షమించమ్మా."

సువార్త చాలాసేపు దుప్పటి అంచు సర్దుతూనే ఉంది. "నువ్వు కూడా ఆమెన్ అన్నావు" అంది చివరికి. కోపం వచ్చిందో, ఏడుపు వచ్చిందో నాకు తెలియలేదు. ఆయనవైపు వంగి ఇంగ్లీషులో అడిగింది. "మిస్టర్ కెస్లర్, ఆ రోజు మా అమ్మకి చీర కట్టినతను, ఇతనేనా?"

వాల్టర్ నన్ను చూశాడు. నోరు ఒకపక్కే కదిలింది. మాట కూడబలుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

"బయటికెళ్ళాడు" అన్నాడు.

ఇంకా నాకు కాపలా కాస్తున్నాడు. నేను మంచం పక్కన మోకాళ్ళమీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"లేదు వాల్టర్. నేను బయటికెళ్ళలేదు. అక్కడే ఉన్నాను. మీరు ఎన్నడూ చెప్పని అబద్ధం నావల్ల చెప్పారు. బోర్డుమీద నా పేరు పెడతానంటే బ్యాంకు మీద నెట్టాను. బ్యాంకు కాదు. నాకు సిగ్గేసింది. మీ పనంటే కాదు, నేనంటే. క్షమించండి."